తరుగు పోగా మిగిలిన ఆట

బెంగుళూరు నుంచి తిరిగొచ్చాక మా విశాఖపట్నం వాళ్లంతా నన్ను ఒకటే అడిగారు, లాల్‌బాగ్ చూశావా అని. చూడలేదు. అన్ని రోజులు ఉండి నేను చూసినవి మూడే. నగర్తపేటలో ఒక బంగారం కొట్టు, ఆనేకల్ దారిలో ఒక గోల్ఫ్ మైదానం, ఆ మైదానంలో నా బంతుల్ని మింగిన ఒక నీటిమడుగు. వీటికోసం రైలెక్కానంటే నవ్వుతారు కాబట్టి అసలు సంగతి ముందే చెప్పేస్తాను.

నేను పళ్ల డాక్టర్ని. వయసు యాభై ఏడు. మోకాళ్లకి నడక మంచిదని మా ఆయన్ని గోల్ఫ్‌లో చేర్పిస్తే, ఆయన నెల తిరక్కుండా మానేశారు. తోడు వెళ్లిన నేను ఉండిపోయాను. బాగా ఆడతానని ఎవరూ అనరు, నేనూ అనుకోను. అయితే మాలాంటి సగటు మనుషుల కోసం ఆ ఆటలో ఒక ఏర్పాటు ఉంది. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. పద్దెనిమిది హోళ్లలో, అంటే గుంటల్లో, బంతి వేస్తూ ఆరితేరినవాళ్లు డెబ్బై రెండు దెబ్బల్లో ముగించే ఆట నాకు దాదాపు వంద దెబ్బలు పడుతుంది. ఆ తేడాని బట్టి నాకో అంకె ఇస్తారు. ఆట అయ్యాక నా మొత్తంలోంచి ఆ మేరకు తీసేసి, మిగిలింది చూస్తారు. అందువల్ల నేనూ, నాకంటే ఎంతో బాగా ఆడేవాళ్లూ ఒకే పోటీలో దిగొచ్చు. నా అంకె ఇరవై ఏడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా ఆడవాళ్ల జట్టు నలుగురితో పొరుగూరు పోటీకి వెళ్లాలి. ముగ్గురు కుదిరారు. నాలుగో చోటుకి నేనూ, ఇంకొకావిడా మిగిలాం. జట్టు నాయకురాలు వసంతగారు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు, మొహమాటం ఆవిడ ఇంటావంటా లేదు.

"డాక్టరుగారూ, మీ ఇరవై ఏడు మన గడ్డి మీద తెచ్చుకున్నదండీ. మన కోర్సు పొట్టిది, ప్రతి హోలూ మీకు కంఠతా వచ్చు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి కాకూడదు కదా. బయటెక్కడైనా ఆడి స్కోరు కార్డు పట్టుకురండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మండినా ఆవిడ మాటలో న్యాయం లేదని అనలేకపోయాను. బళ్లో పిల్లలు కబడ్డీ ఆడుతుంటే నన్ను పాయింట్లు రాయడానికి కూర్చోబెట్టేవాళ్లు. కాలేజీ త్రోబాల్‌లో నీళ్లసీసాలు మోశాను. ఈ వయసు వచ్చేదాకా నేను ఏ జట్టులోనూ లేను. ఈ ఒక్క జట్టులో ఉండాలని చిన్నపిల్లలా కోరిక పుట్టింది. డెంటల్ కాలేజీలో నాతో చదివిన గిరిజ బెంగుళూరులో ఉంది, తనూ గోల్ఫ్ ఆడుతుంది. వస్తున్నానని చెప్పి సంచీ సర్దాను.

కింది బెర్తు

గోల్ఫ్ సంచీతో రైలెక్కితే దారిపొడుగునా పరిచయాలే. నిలబెడితే పడుతుంది, పడుకోబెడితే దారికి అడ్డం. ఒకాయన మృదంగమా అని అడిగారు. ఇంకొకాయన అది క్రికెట్ సామానని తనే తేల్చేసి, మీ అబ్బాయి ఏ టీములో ఆడతాడని అడిగారు. నాదేనండీ అంటే ఆయన కిటికీ వైపు తిరిగారు.

నాది మధ్య బెర్తు. కింద బెర్తు అమ్మాయి పేరు సుజాత. తుని వాళ్లు, బెంగుళూరులో ఒక ఆస్పత్రిలో నర్సు. క్రిస్మస్ సెలవుకి ఇంటికెళ్లి తిరిగి వెళుతోంది. వాళ్లమ్మ చేసి ఇచ్చిన గులాబీ పువ్వుల డబ్బా తెరిచి పక్కవాళ్లందరికీ పెట్టింది. కరకరలాడుతూ చాలా బాగున్నాయి.

తుని దాటాక గిరిజ ఫోను చేసింది. రైలు చప్పుడుకి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. "నా హ్యాండిక్యాప్ ఇరవై ఏడేనే. అయినా అక్కడ నెట్టుకురాగలనా అని భయంగా ఉంది" అన్నాను. ఫోను పెట్టేసరికి సుజాత తన దుప్పటి మడత పెట్టేస్తోంది.

"మీరు కింద పడుకోండమ్మా. నేను పైకెక్కేస్తానులెండి" అంది.

నా నెరిసిన జుట్టు చూసి మర్యాద చేస్తోందనుకుని ఆనందంగా ఒప్పుకున్నాను. పొద్దున్న పళ్లు తోముకుని వచ్చాక, నా పక్కన కూర్చుని మెల్లిగా గొంతు తగ్గించి అడిగింది.

"ఏమీ అనుకోకండమ్మా. మీకు ఇరవై ఏడు శాతమే వేశారాండీ? నలభై దాటితేనే గానీ సర్టిఫికెట్ రాదండి. కొందరు డాక్టర్లు సరిగ్గా చూడకుండా తక్కువ వేసేస్తారు. మా ఆస్పత్రికి రండి, మళ్లీ చూపిద్దాం."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక, ఆ బెర్తు ఏ లెక్కన వచ్చిందో కూడా అర్థమైంది. అది వైకల్యం కాదమ్మా, ఆటలో ఇచ్చే అంకె అని మొదట్నుంచీ చెప్పాను. సుజాత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక మళ్లీ ఒక ప్రశ్న వేసింది.

"అంటే ఆట సరిగ్గా రానందుకు ఇచ్చే అంకాండీ? మరి అది ఎక్కువుంటే సిగ్గుపడాలా, సంతోషించాలా?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఇలా అడగలేదు. ఆలోచించి చెబుతానన్నాను. దిగేటప్పుడు మిగిలిన గులాబీ పువ్వులు నా చేతిలో పెట్టి, ఫోను నంబరు తీసుకుని, ఏమైందో చెప్పాలని మాట పుచ్చుకుంది.

నగర్తపేట

స్టేషన్ బయట ఆటో ఆయన నా సంచీని ఎగాదిగా చూసి, ఇది సామాను కాదు, ఇంకో మనిషి అని తేల్చి ఆ మేరకు అడిగాడు. మా విశాఖలో అయితే పోట్లాడేదాన్ని. ఇక్కడ కన్నడంలో పోట్లాడటం రాక ఇచ్చేశాను. దారిలో ఆయన ఫోనులో చక్కటి తెలుగు మాట్లాడాడు. అప్పటికి బేరం అయిపోయింది.

పుట్టింటిలాగే గిరిజ అత్తవారిదీ తరతరాలుగా బెంగుళూరులో ఉండిపోయిన తెలుగు కుటుంబం. నగర్తపేటలో కింద బంగారం కొట్టు, పైన ఇల్లు. గిరిజ గుమ్మంలోనే నన్ను పట్టుకుని, "ఎంత చిక్కిపోయినావప్పా. రాప్పా లోపలికి" అంది. వాళ్ల తెలుగులో ఆడవాళ్లనీ అప్పా అంటారు. కాలేజీలో దీనిమీద మేం తనని బాగా ఏడిపించేవాళ్లం. ఇప్పుడు ఆ మాట వినగానే ఇంటికొచ్చినట్టు అనిపించింది.

టిఫిన్‌కి బియ్యప్పిండితో చేసే అక్కి రొట్టె, మధ్యాహ్నం పితికిపప్పు కూర. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటే పితికి, పైతోలు తీసి వండుతారు. చలికాలంలో ఆ ఊరంతా ఇదే పని. ఎంత పప్పుకి ఎంత ఓపిక కావాలో తలచుకుంటే మింగడానికే మొహమాటం వేసింది, అయినా రెండోసారి వడ్డించుకున్నాను. మా వైపు అన్నంలోకి కారం మండాలి. ఇక్కడ సాంబారులో కూడా బెల్లం తగులుతుంది. ఒక పూట విసుక్కున్నాను, రెండో పూటకి అలవాటైపోయింది.

సాయంత్రం చిక్కపేటలోకి నడిచాం. చీరల మూటలతో నిండిన తోపుడుబండ్లు వెనకనుంచి వస్తుంటే గోడకి అంటుకుని దారి ఇవ్వాలి. ఒక మూల హోటల్లో నిలబడి కాఫీ తాగాం. అది బై టూ, అంటే ఒక్క కాఫీని ఇద్దరికి పంచి ఇస్తారు. ఇరవై రూపాయల కాఫీని పంచుకుంటే మా ఊళ్లో పిసినారి అంటారు. ఇక్కడ కోటీశ్వరులు కూడా అలాగే తాగుతారట, చల్లారేలోపల అయిపోతుందని.

తిరిగొచ్చేసరికి కొట్టులో ఒకావిడ గిరిజ భర్త శెట్టిగారితో వాదులాడుతోంది. ఆవిడ ముందు ఒక సాదా గొలుసు, ఒక నగిషీ చెక్కిన వంకీ ఉన్నాయి. గొలుసుకి తక్కువ తరుగు వేసి వంకీకి అంత ఎక్కువ ఎందుకు వేశారని ఆవిడ గొడవ. బంగారం రెండింట్లోనూ ఒకటే కదా అంటోంది.

శెట్టిగారు గొంతు పెంచకుండా చెప్పారు. "బంగారు ఒకటేనమ్మా, పని వేరే. సాదా గొలుసు చేసేటప్పుడు పొడి తక్కువ రాలతాది. నగిషీ చెక్కితే ఎక్కువ పోతాది. పనోడు అదే పనోడు. ఆ పని గుణం అట్లా ఉండాది."

ఆవిడ గొణుక్కుంటూనే వంకీ తీసుకుంది. నేను గులాబీ పువ్వు కొరుక్కుంటూ వింటున్నాను. ఈ మాటతో నాకు పని పడుతుందని అప్పుడు తెలియదు.

ఎర్ర టీ

మర్నాడు తెల్లారగానే ఆనేకల్ దారి పట్టాం. ఆ మైదానం పేరు చెప్పను. అక్కడ జరిగినవాటిలో దాని తప్పు ఒక్కటీ లేదు, కానీ నా బంతులు దానికి ఊరికే పోయాయి. పొద్దున్నే మంచు, స్వెట్టర్ వేసుకుని గోల్ఫ్ ఆడటం నాకు అదే మొదటిసారి. మా దగ్గర మూడో హోలుకే చెమటతో బట్టలు ఒంటికి అతుక్కుంటాయి. పైగా ఊరు ఎత్తు మీద ఉండటం వల్ల ఇక్కడ బంతి కాస్త ఎక్కువ దూరం పోతుంది. మొదటి దెబ్బకే నా బంతి నేను అనుకున్నదానికంటే ముందుకి పోయి పడేసరికి బుర్ర తిరిగింది. అసలు అనర్థమంతా అక్కడే మొదలైంది.

ఆట మొదలుపెట్టే చోటుని టీ అంటారు. దూరాన్ని బట్టి వాటికి రంగులు, ఎర్రది అన్నిటికంటే దగ్గరిది. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర నేను ఎర్ర టీ చాలంటే, పాలు అయిపోయాయా అని శెట్టిగారు వంటింట్లోకి కేక వేశారు. మొత్తానికి ఎర్ర టీ దగ్గర నిలబడ్డాం. పక్కన ఒక పలక ఉంది. సగటు ఆటగాళ్లని ఈ కోర్సు ఎంత కష్టపెడుతుందో చెప్పే అంకె దానిమీద రాసి ఉంది. మామూలు కోర్సుకి అది నూట పదమూడు. మా ఊళ్లోది నూట ఎనిమిది. ఇక్కడ నూట ఇరవై ఐదు. ఆరితేరినవాళ్ల కంటికి మధ్యలో ఉన్న నీటిమడుగు ఆననైనా ఆనదు, వాళ్ల బంతి పైనుంచి పోతుంది. మనలాంటివాళ్లకి ఆ మడుగు తప్ప ఇంకేమీ కనపడదు. ఆ తేడాకే ఈ అంకె. దాన్ని బట్టి మన హ్యాండిక్యాప్ తేలిక కోర్సులో కాస్త తగ్గుతుంది, కష్టమైన కోర్సులో పెరుగుతుంది.

గిరిజ ఫోనులో లెక్క వేసి, "నీ ఇరవై ఏడు ఈడ ముప్పై అవుతాది" అంది.

"మా ఊళ్లో ఇరవై ఆరేనే. బండెక్కి వచ్చినంత మాత్రాన నాకు ఇంకా చేతకాకుండా పోయిందా?"

"రూలు అట్లా ఉండాదప్పా. తీసుకో."

"నాకొద్దు. నేను ఇరవై ఆరుతోనే ఆడతాను."

రైల్లో జాలిపడి ఇచ్చిన బెర్తు మీద నిద్రపోయి వచ్చాను. మళ్లీ ఇక్కడ ఇంకో రాయితీ పుచ్చుకుని, ఆ కార్డు వసంతగారి చేతిలో పెట్టాలా అనిపించింది. గిరిజ నా మొహం చూసి, "సరే, సుమ్నే ఆడు" అని ఊరుకుంది. సుమ్నే అంటే ఊరికే అని. ఆ మాట కన్నడంది. వాళ్ల తెలుగులో అది చుట్టరికం కలిపేసుకుని ఎప్పుడో స్థిరపడిపోయింది.

ఇరవై ఆరుతో ఆడాలంటే ఎక్కడా దెబ్బ వృథా చేయకూడదు. అందుకని ప్రతిచోటా సాహసం చేశాను. ఐదో హోల్లో నీటిమడుగు అడ్డం వచ్చింది. ఇవతల ఆపి, తర్వాత చిన్న దెబ్బతో దాటించమని గిరిజ చెప్పింది. నేను పొడుగు కర్ర తీసి ఒకేసారి దాటిద్దామని కొట్టాను. ప్లప్ అని శబ్దం వచ్చింది. ఇంకోటి కొట్టాను. మళ్లీ అదే శబ్దం. సంచీలు మోయడానికి వచ్చిన ఆనేకల్ మునిరాజు తెలుగువాడే, నన్ను ఓదార్చాడు.

"బేజారు చేసుకోవద్దండక్కా. ఆ నీళ్లల్లో చేపల కన్నా బంతులే ఎక్కువుండాయి."

సగం ఆట అయ్యేసరికి నా దెబ్బలు యాభై ఐదు. మా ఊళ్లో సగానికి నలభై తొమ్మిది దాటను. ఇలాగే పోతే నూట పది. కార్డు ఇక్కడే చించేసి, ఒంట్లో బాగాలేక ఆడలేదని చెబితే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాను. నాలుగో చోటు కళ్లముందే జారిపోతోంది.

మిరపకాయ బజ్జీల దగ్గర

సగం ఆట దగ్గర ఒక చిన్న షెడ్డు ఉంది. వేడి మిరపకాయ బజ్జీలు, టీ. ఈ టీ తాగేదే. నేను ముట్టుకోకుండా కూర్చుంటే గిరిజ ప్లేటు నా ముందుకి తోసింది.

"నిన్న మా ఆయన చెప్పింది విన్లేదా?" అంది.

"ఏం చెప్పారు?"

"తరుగు. గొలుసుకి తక్కువ, వంకీకి ఎక్కువ. పనోడు చేతకానోడని కాదు కదప్పా. మీ ఊరి కోర్సు సాదా గొలుసు. ఇది నగిషీ. చేసే చెయ్యి అదే, బంగారూ అదే. ఇందులో పొడి ఎక్కువ పోతాది, అంతే. నీకు ఇచ్చిన ముప్పై నీమీద జాలి కాదు, ఈ నేల లెక్క. ఆ తరుగు ఇది నీ దగ్గర ఎట్లాగూ తీసుకుంటాది. నువ్వు రాసుకోకపోతే నష్టం ఎవరికి?"

నేను బజ్జీ కొరికాను. నోరు కాలింది, కళ్లు చెమర్చాయి. బజ్జీ వల్లేనని ఇప్పటికీ అంటాను. ఎనిమిదేళ్లుగా నా అంకెని నేను నా చేతకానితనానికి వేసిన మార్కుగానే చూసుకున్నాను. ఎవరైనా అడిగితే గొంతు తగ్గించి చెప్పేదాన్ని. అది కేవలం తరుగని, ఆట కష్టానికి ముందే తీసి పక్కన పెట్టే పొడి అని అనుకోవడం ఇదే మొదలు. చెప్పలేనంత తేలిక పడ్డాను.

"మరి ఆ ముప్పై ఎక్కడెక్కడ వస్తాయి?" అని అడిగాను.

గిరిజ కార్డు తిప్పి చూపించింది. కష్టమైన పన్నెండు హోళ్లలో రెండేసి, మిగతా ఆరింట్లో ఒక్కోటి. అంటే నేను రెండు బంతులు ముంచిన ఆ ఐదో హోల్లో నాకు ఆరితేరినవాళ్లలా నాలుగు దెబ్బలు కాదు, ఆరు దెబ్బలు న్యాయంగా ఉన్నాయి. ఆరు ఉన్నప్పుడు ఆ మడుగుతో తగువు పెట్టుకోవాల్సిన పనే లేదు. ఆ మాట అక్కడ ఒప్పుకోవడానికి నాకు ఇంకో బజ్జీ పట్టింది.

చివరి మడుగు

రెండో సగం వేరే మనిషిలా ఆడాను. వేరే మనిషిలా అంటే గొప్పగా అని కాదు. పొట్టి దెబ్బలు, తిన్నటి దారి, ఇసకగుంట కనపడితే చుట్టూ తిరిగి పోవడం. పక్కనే నెమలి ఒకటి కూస్తే ఆగి చూశాను కూడా. మొదటి సగంలో నెమళ్లు ఉన్నాయో లేవో నాకు తెలియదు.

పద్దెనిమిదో హోల్లో మళ్లీ నీళ్లు. ఇది ఐదోదానికంటే వెడల్పు. ఇక్కడా నాకు రెండు దెబ్బల తరుగు. మునిరాజు అలవాటుకొద్దీ పొడుగు కర్ర అందించాడు.

"చిన్నది ఇవ్వు బాబూ" అన్నాను.

గిరిజ నవ్వు ఆపుకోవడం కనపడింది. రెండు దెబ్బల్లో బంతిని మడుగు దగ్గరికి తెచ్చి ఇవతల ఆపాను. తర్వాత చిన్న దెబ్బతో దాటించాను. అది అవతల గట్టు మీద పడి, ఒక్క క్షణం వెనక్కి దొర్లబోయి, గడ్డిలో చిక్కుకుని ఆగింది. ఇంకో దెబ్బకి గుంట దగ్గరికి, రెండు మెల్లటి దెబ్బలకి గుంటలోకి. మొత్తం ఆరు. అంతే చాలు.

రెండో సగం నలభై తొమ్మిది. మొత్తం నూట నాలుగు. ముప్పై తరుగు తీస్తే డెబ్బై నాలుగు. డెబ్బై రెండు రావాలి, రెండు ఎక్కువ. నా మొహం వాడిపోయింది.

గిరిజ అడిగింది, "మీ ఊళ్లో పోయినసారి ఎంత?"

"తొంభై ఎనిమిది. ఇరవై ఆరు తీస్తే డెబ్బై రెండు. మా కోర్సు లెక్క డెబ్బై."

"ఆడ ఎంత ఎక్కువ?"

"రెండు" అన్నాను. అన్నాక గాని వినపడలేదు.

తిరుగు రైలెక్కే ముందు సుజాతకి ఫోను చేశాను. "ముప్పై అయ్యిందాండీ? పెరిగిందన్నమాట" అని కంగారుగా మొదలుపెట్టి, తనే నవ్వేసింది. "ఇంకో పదికి సర్టిఫికెట్ వచ్చేస్తుందమ్మా." ఆ పిల్ల ప్రశ్నకి మాత్రం జవాబు ఇంకా బాకీ ఉన్నాను.

వసంతగారి ముందు

ఇంటికొచ్చిన మర్నాడే కార్డు పట్టుకెళ్లాను. వసంతగారు కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. "నూట నాలుగా? ఇక్కడ తొంభై ఎనిమిదేగా మీకు? నేను చెప్పలేదూ?"

"తరుగు తీయండి" అన్నాను.

"ఏం తీయాలి?"

చెప్పాను. కోర్సు అంకె, ముప్పై, డెబ్బై నాలుగు. పాత కార్డు పక్కన పెట్టాను. లెక్కల టీచరు కదా, నా మాట మీద వదలకుండా తనే పెన్సిల్ తీసి మొత్తం వేశారు. మళ్లీ వేశారు. రెండుచోట్లా రెండే వచ్చింది. నేను కూర్చున్న కుర్చీలో కదలకుండా ఉండటానికి నా శాయశక్తులా ప్రయత్నించాను.

"మీరు పులి కాదండీ" అన్నారు చివరికి. "ఇంట్లోనూ పిల్లే, వీధిలోనూ పిల్లే."

నా ప్రాణం ఉసూరుమంది.

"పులుల్ని తీసుకెళ్లి చూశాను. ఒకచోట గర్జిస్తాయి, ఇంకోచోట మంచం కింద దూరతాయి. ఎక్కడికి తీసుకెళ్లినా అదే పిల్లి అయితే నాకు హాయి. ఎంత ఆడతారో ముందే తెలుస్తుంది" అని పెన్సిల్ చెవికి దోపుకున్నారు. "జట్టుకి చొక్కాలు కుట్టిస్తున్నాం, వీపు మీద ఊరి పేరుతో. మీ సైజు ఎంత?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"నలభై రెండు" అన్నాను. గొంతు తగ్గించకుండానే అన్నాను. బయటికొచ్చి సుజాతకి ఫోను చేసి చెప్పాను, నలభై దాటిందమ్మా, సంతోషించాలి అని.